మూణ్నెల్ల పేటలో పదిహేనేళ్ల పిల్లి

అమీర్‌పేట మెట్రో మెట్లు దిగి మైత్రీవనం వైపు నాలుగడుగులు వేస్తే చేతిలో నాలుగు పాంప్లెట్లు పడతాయి. ఒకటి పైథాన్, ఒకటి డెవాప్స్, ఒకటి లేడీస్ హాస్టల్, ఇంకోటి ‘సింగిల్ రూమ్ ఖాళీ ఉంది’. ఇక్కడ ప్రతిదానికీ గడువుంది. కోర్సు మూడు నెలలు. హాస్టల్ ఫీజు నెలకోసారి. ఇంటి అగ్రిమెంట్ పదకొండు నెలలు. ఉద్యోగం వచ్చిందంటే పరుపు, బకెట్, ఇండక్షన్ స్టవ్ పక్క రూమ్ వాళ్లకిచ్చేసి గచ్చిబౌలికో బెంగళూరుకో బయల్దేరడమే. ఈ పేటకి వచ్చేవాళ్లంతా వెళ్లిపోవడానికే వస్తారు. అందులో తప్పేం లేదు, ఈ ఊరు నడిచేదే అలా.

పిల్లి గడువు మాత్రం వేరు. ఇంట్లో బాగా పెరిగే పిల్లి పన్నెండు నుంచి పదిహేనేళ్లు బతుకుతుంది.

మా పిన్ని కూతురు ఇక్కడే హాస్టల్లో ఉండి కోర్సు చేసింది. హైటెక్ సిటీలో ఉద్యోగం వచ్చింది. మెట్రోకి దగ్గరని ఇప్పుడు ఈ చుట్టుపక్కలే సింగిల్ బెడ్‌రూమ్ ఇల్లు వెతుక్కుంటోంది. ఇంటితో పాటు పర్షియన్ పిల్లి కూడా కావాలంది. ఫోన్‌లో తెల్లటి దూది ఉండలాంటి పిల్లి రీల్ చూపించి, “అక్కా, కుక్కకైతే రెండు పూటలా వాకింగ్. దీనికి అదీ అక్కర్లేదు, అరవదు, ఓ మూల కూర్చుంటుంది. అపార్ట్‌మెంట్‌కి ఇంతకన్నా మంచి పెట్ ఏముంది చెప్పు?” అంది.

నిజానికి ఆ మాటలో సగం కరెక్టే. పర్షియన్ నెమ్మదైన జాతి. బీరువా మీదకీ కర్టెన్ల మీదకీ ఎగబాకే రకం కాదు, గొంతు కూడా చిన్నది. ఇంగ్లిష్ పుస్తకాల్లో అపార్ట్‌మెంట్ పిల్లి అని రాసేదీ దీని గురించే. కానీ ఆ అపార్ట్‌మెంట్ ఎక్కడిది? లండన్‌దా, మన బల్కంపేట రోడ్డుదా? అది తేలాలంటే ఇల్లు చూడాలి. అందుకే ఒక ఆదివారం పొద్దున ఇద్దరం అమీర్‌పేట నుంచి పంజాగుట్ట దాకా టు లెట్ బోర్డులు చూసుకుంటూ నడిచాం. సూటిగా వెళ్తే ఇరవై నిమిషాల దారి. సందులన్నీ తిరిగాం కాబట్టి మధ్యాహ్నం దాటింది. ప్రతి ఇంట్లోనూ తను నీళ్లు, వైఫై, అద్దె అడుగుతుంటే నేను పిల్లి తరఫున అడిగాను.

పెంట్‌హౌస్ అనే పెనం

మొదటిది ఐదో అంతస్తు పైన ఉన్న గది. హైదరాబాద్‌లో దీన్ని పెంట్‌హౌస్ అంటారు. సినిమాల్లో చూపించే పెంట్‌హౌస్ కాదు, వాటర్ ట్యాంక్ పక్కన కట్టిన ఒంటి గది. గాలి బాగుంది. డాబా అంతా మనదే. సాయంత్రం అక్కడ నిలబడితే సత్యం థియేటర్ ఉన్న చోట లేచిన కొత్త మల్టీప్లెక్స్ లైట్లు కూడా కనిపిస్తాయట. మా చెల్లికి తెగ నచ్చేసింది.

నేను స్లాబు మీద చెయ్యి పెట్టి చూశాను. పదకొండింటికే చురుక్కుమంది. మే నెలలో మన ఊళ్లో ఎండ 40 డిగ్రీలు దాటడం మామూలే. మనకైతే ఒళ్లంతా చెమట పడుతుంది, ఒళ్లు చల్లబడుతుంది. పిల్లికి చెమట పట్టేది దాదాపుగా పాదాల అడుగునే. దానికి తోడు పర్షియన్ ఒంటి మీద చలిదేశపు కోటులాంటి రెండు పొరల బొచ్చు. మరీ ముఖ్యం, దాని ముక్కు. మొహం చప్పిడిగా ఉన్న పిల్లికి ముక్కు రంధ్రాలు ఇరుగ్గా ఉంటాయి, లోపల గాలి దారి కూడా ఇరుకే. ఒంట్లోని వేడిని ఊపిరితో బయటికి పంపడం పొడుగు ముక్కు పిల్లికి ఉన్నంత తేలిక కాదు దానికి. కుక్క నోరు తెరిచి రొప్పితే మామూలే, పిల్లి అలా రొప్పుతోందంటే మాత్రం వెంటనే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాలి.

“ఏసీ పెట్టిస్తా కదక్కా” అంది చెల్లి. పెట్టించొచ్చు. తను ఇంట్లో ఉండేది రాత్రి, ఎండ కాసేది పగలు. పదిగంటల పాటు పిల్లి ఒక్కదాని కోసం ఏసీ నడవాలి, దాని మధ్యలో కరెంటు పోకూడదు. పెంట్‌హౌస్ అక్కడితో కొట్టేశాం. పర్షియన్ కావాలంటే పైన ఇంకో అంతస్తు నీడ ఉన్న ఇల్లు కావాలి, అంతే.

నెట్ సంగతి

రెండోది మూడో అంతస్తు. వెనక సందులో, ఎదురు బిల్డింగ్ వాళ్ల పోపు ఘాటు మన హాల్లోకి వచ్చేంత దగ్గర. బాల్కనీకి ఆకుపచ్చ నైలాన్ నెట్ కట్టి ఉంది. అమీర్‌పేటలో ఏ సందులో తలెత్తినా కనిపించేవి ఈ నెట్‌లే. పావురాల కోసం కట్టినవి. ఇల్లు చూపించిన వాచ్‌మన్ “నెట్ ఉందమ్మా, మీ పిల్లి ఎక్కడికీ పోదు” అన్నాడు.

ఆ నెట్ పావురం లోపలికి రాకుండా ఆపడానికి. మూడు కిలోల పిల్లి గోళ్లతో, పళ్లతో పని పెట్టుకుంటే ఎన్నాళ్లు ఆగుతుందో చెప్పలేం. ఒక మూల హుక్ ఊడినా చాలు. పిల్లి ఎంత ఎత్తు నుంచి పడినా నాలుగు కాళ్ల మీద నిలబడుతుందనుకుంటాం. అపార్ట్‌మెంట్ల నగరాల్లో పశువైద్యులకి ఈ ప్రమాదం ఎంత మామూలంటే దీనికి ‘హై రైజ్ సిండ్రోమ్’ అని పేరే పెట్టుకున్నారు. న్యూయార్క్‌లో ఒక్క ఆసుపత్రికి అలా పడి వచ్చిన 132 పిల్లుల లెక్కతో 1987లో ఒక పరిశోధన వెలువడింది. వాటిలో ఎక్కువ శాతం బతికాయి నిజమే, ఊపిరితిత్తులకి దెబ్బ, దవడ విరగడం, కాళ్లు విరగడం లాంటివి భరించి బతికాయి. పర్షియన్ సోమరిదే, కానీ కళ్ల ముందు పావురం వాలితే అది కూడా పిల్లే. బాల్కనీకీ కిటికీలకీ స్టీలు మెష్ కొట్టించుకోవాలి. దానికి ఓనర్ ఒప్పుకోవాలి.

ఇంకోటి, వాసన. ఒక పిల్లికి రెండు లిటర్ ట్రేలు ఉండాలని డాక్టర్లు చెబుతారు. ఒక బెడ్‌రూమ్, ఒక హాలు, డక్ట్‌లోకి తెరుచుకునే ఒక చిన్న వెంటిలేటర్ ఉన్న ఇంట్లో ఆ ట్రేలు ఎక్కడ పెడతారు? రోజూ తియ్యాలి. తీసింది కమోడ్‌లో పోస్తే ఆ మట్టి గడ్డకట్టి పైపు మూసుకుపోతుంది, కింద ఫ్లోర్ వాళ్లు పైకొస్తారు.

“గుడ్డు కూడా గేటు దాటదు”

మూడో ఇల్లు ధరమ్ కరణ్ రోడ్డు దగ్గర. మెట్లు ఎక్కుతుంటేనే చల్లగా తగిలింది. కిటికీ పక్కన వేపచెట్టు. అద్దె కూడా అందుబాటులోనే. బోర్డు మీద ‘వెజిటేరియన్స్ ఓన్లీ’ అని ఉంది. ఓనర్ ఆంటీ మా చెల్లితో బాగానే మాట్లాడింది, ఏ ఊరు, ఎంత జీతం, పెళ్లెప్పుడు అన్నీ అయ్యాయి. పిల్లి మాట ఎత్తగానే మొహం మారింది. “ఇల్లు కిరాయికిచ్చేది నీకమ్మా, పిల్లికి కాదు. మా ఇంట్లో కోడిగుడ్డు కూడా గేటు దాటదు.”

“దానికి పెరుగన్నమే పెడతాను ఆంటీ” అనేసింది మా చెల్లి.

ఇది అనకూడని మాట. కుక్క పెరుగన్నంతో ఎలాగో నెట్టుకొస్తుంది, పిల్లి ఒల్లదు. ఒల్లినా బతకదు. మాంసంలో ఉండే టారిన్ అనే పదార్థం పిల్లి ఒళ్లు తనంతట తాను సరిపడా తయారు చేసుకోలేదు. అది తిండిలో అందకపోతే కంటిచూపు పోతుంది, గుండె కండరం బలహీనపడుతుంది. ఆ గుండె సంగతి అమెరికాలో డేవిస్‌లోని పశువైద్యులు 1987లో తేల్చారు. అప్పటి నుంచే ప్యాకెట్ ఫుడ్‌లో టారిన్ మోతాదు పెంచారు. ఇక పాలు. మన తెనాలి రామకృష్ణుడి పిల్లి పాలు చూసి పారిపోయిన కథ అందరికీ తెలిసిందే. ఆయన వేడి పాలు పెట్టి భయపెట్టాడు గానీ, ఎదిగిన పిల్లులు చాలావాటికి పాలు అరగవు, విరేచనాలు పట్టుకుంటాయి. ఆ లెక్కన రాయలవారి పిల్లులన్నింటిలోకీ రామకృష్ణుడి పిల్లే ఆరోగ్యంగా ఉండి ఉంటుంది.

ఆంటీకి ఇంకో భయం కూడా ఉంది. కూతురు పురిటికి రాబోతోంది, పిల్లి ఉంటే కడుపులో బిడ్డకి మంచిది కాదని ఎవరో చెప్పారు. ఇది ఎదురొస్తే అపశకునం లాంటి మాట కాదు, వెనక కొంత నిజముంది. టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి పిల్లి మలంలో రావచ్చు. అయితే సరిగా ఉడకని మాంసం వల్ల, కడగని కూరగాయల వల్ల కూడా అది వస్తుంది. ఇల్లు దాటని, పచ్చి మాంసం తినని పిల్లితో ప్రమాదం చాలా తక్కువ. గర్భిణి కాకుండా వేరేవాళ్లు రోజూ ట్రే శుభ్రం చేస్తే ఇంకా తక్కువ, ఎందుకంటే మలంలోంచి అది అంటుకునే స్థితికి రావడానికే కనీసం ఒక రోజు పడుతుంది. చెప్పాను. ఆంటీ విన్నది. అయినా ఇల్లు ఆమెది.

అపార్ట్‌మెంట్ అసోసియేషన్ పెంపుడు జంతువుల్ని నిషేధించడం చెల్లదని జంతు సంక్షేమ బోర్డు 2015లో మార్గదర్శకాలు ఇచ్చింది. సొంత ఫ్లాట్ ఉన్నవాళ్లకి అది అండ. అద్దెకుండేవాళ్లకి మాత్రం చేతిలో ఉన్న అగ్రిమెంటే గట్టిది. దాచిపెట్టి పిల్లిని తేవడం, ఓనర్ వస్తే బాత్‌రూమ్‌లో పెట్టి తలుపెయ్యడం ఈ సందుల్లో జరిగేదే. అలా చేస్తే ఏదో ఒక నెల అర్ధాంతరంగా ఇల్లు ఖాళీ చేయాల్సి వస్తుంది. అప్పుడు పిల్లి ఎక్కడికి పోతుంది? పిల్లి ఉంటుందన్న మాట అగ్రిమెంట్‌లో రాయించుకున్నాకే అడ్వాన్స్ ఇవ్వాలి.

పంజా ఉన్న గుట్ట

పంజాగుట్టకి ఆ పేరెలా వచ్చిందో చెప్పే కథలు పక్కన పెడితే, ‘పంజా’ అనేది ఫారసీ మాట. బజారు, రుమాలు, పరదా లాగే మనలో కలిసిపోయింది. పక్క స్టేషన్ ఇర్రం మంజిల్ కూడా అంతే. నవాబ్ ఫఖ్రుల్ ముల్క్ కట్టించిన మహల్ అది. ఫారసీలో ఇరం అంటే స్వర్గవనం. జనం మాత్రం ‘ఎర్రమంజిల్’ అని కూడా అంటారు. కొత్త అసెంబ్లీ కోసం దాన్ని కూల్చేస్తామన్న ప్రభుత్వ నిర్ణయాన్ని 2019లో హైకోర్టు కొట్టేసింది కాబట్టి ఆ మహల్ మిగిలింది. ఫారసీ పేర్లకి ఈ గుట్టల మీద ఏ ఇబ్బందీ రాలేదు. ఫారసీ పిల్లి సంగతే చూడాలి.

అసలు అది ఎంత ఫారసీ? 1620 ప్రాంతంలో పియెత్రో దెల్లా వల్లె అనే ఇటలీ యాత్రికుడు పర్షియాలోని ఖొరాసాన్‌లో పొడుగు బొచ్చు పిల్లుల్ని చూసి యూరప్‌కి తెచ్చాడు. 1871లో లండన్ క్రిస్టల్ ప్యాలెస్‌లో పెద్ద పిల్లుల ప్రదర్శన పెట్టినప్పుడు పర్షియన్లూ అందులో ఉన్నాయి. వాటికి ముక్కు ఉండేది. ఇప్పుడు మనం రీల్స్‌లో చూసే అప్పడం లాంటి మొహం పోటీల కోసం, అందం కోసం ఆ తర్వాత మనుషులు తరతరాలుగా ఏరి ఏరి చేయించింది.

పెట్ షాపులో అడిగితే ‘డాల్ ఫేస్’, ‘సెమీ పంచ్’, ‘పంచ్ ఫేస్’ అని చెబుతారు. ముక్కు ఎంత లోపలికి పోతే రేటు అంత పైకి పోతుంది. మన ఊరి ఎండలకి మాత్రం లెక్క తిరగబడుతుంది, తక్కువ రేటున్న డాల్ ఫేసే కాస్త నయం. పంచ్ ఫేస్‌కి ఊపిరి కష్టం, పళ్ల వరస అస్తవ్యస్తం. కన్నీటి నాళం వంపు తిరగడం వల్ల కళ్ల కింద ఎప్పుడూ తడే. తడిపిన దూదితో రోజూ తుడవాలి. ‘ట్రిపుల్ కోట్’ అని ఇంకో మాట వినిపిస్తుంది. పర్షియన్‌కి ఉండేది రెండు పొరలే, మూడోది సేల్స్‌మన్ కప్పిన పొర.

బేరం ఆడే ముందు అడగాల్సినవి వేరే ఉన్నాయి. పర్షియన్లలో మూత్రపిండాల్లో నీటి బుడగలు పెరిగే పీకేడీ అనే జబ్బు వంశపారంపర్యంగా వస్తుంది. తల్లిదండ్రుల్లో ఒక్కరికి ఉన్నా పిల్లలకి వచ్చే అవకాశం సగానికి సగం. చిన్నప్పుడు ఏమీ తెలియదు, చాలావాటిలో నడివయసులో బయటపడుతుంది. తల్లికీ తండ్రికీ జన్యు పరీక్షో, అల్ట్రాసౌండో చేయించారా అని అడగండి. మేం వెళ్లిన షాపులో ఆ ప్రశ్నకి “అందరూ కలర్ అడుగుతారు మేడమ్, కిడ్నీ ఎవరూ అడగరు” అని నవ్వాడు. తల్లిని చూపించమంటే ఫొటో చూపించాడు. ఎనిమిది వారాలు నిండని పిల్లని అమ్మకూడదని 2018 పెట్ షాప్ నిబంధనలు చెబుతున్నాయి. నిజానికి పన్నెండు వారాల దాకా తల్లి దగ్గరుంటే ఇంకా మంచిది. అరచేతిలో పట్టేంత పిల్లని ‘రెండు నెలలు మేడమ్’ అంటే టీకా కార్డు అడగండి, కార్డు లేకపోతే బయటికి నడవండి.

ఒక విషయం మాత్రం ఏ జాతి పిల్లికైనా వర్తిస్తుంది. అమీర్‌పేటలో ఏ హాస్టల్ బ్యాగ్‌లో చూసినా జ్వరం మాత్ర ఉంటుంది. ఆ పారాసెటమాల్ ఒక్కటి చాలు, పిల్లి ప్రాణం తీయడానికి. బొకేల్లో వచ్చే లిల్లీ పూలు కూడా అంతే, పుప్పొడి నాకినా కిడ్నీలు పాడవుతాయి. కుక్కల గోమార్లకి వేసే పర్మెత్రిన్ చుక్కలు పిల్లికి విషం.

వెనక సందులో ఉన్నవి

మధ్యాహ్నం మెస్‌లో భోజనం చేస్తుంటే వెనక గిన్నెలు తోమే చోట మూడు పిల్లులు. ఒకటి గోధుమరంగు, రెండు చారలవి. పొట్టి బొచ్చు, పొడుగు ముక్కు, ఈ ఎండలకే పుట్టిన ఒళ్లు. మనం నాటు పిల్లి అని తీసిపారేసే దీన్నే ‘ఇండిమావ్’ పేరుతో వరల్డ్ క్యాట్ ఫెడరేషన్ జాతిగా గుర్తించింది. పేరు పెట్టగానే మా చెల్లి కూడా ఇంకోసారి చూసింది!

ఇది తీసుకుంటే అన్ని సమస్యలూ తీరిపోతాయని చెప్పను. వీధిలో పెద్దదైన పిల్లిని గదిలో మూసి పెడితే చాలావరకు తట్టుకోదు. చిన్న కూనని తెచ్చుకుంటే మొదటి ఏడాది రాత్రి రెండింటికి మీ మొహం మీద రన్నింగ్ రేస్ పెడుతుంది. ఓనర్, నెట్, లిటర్, మాంసం సమస్యలు దీనికీ అవే. తగ్గేవి మూడు, దువ్వెన పని, ఎండ భయం, కొనే ఖర్చు. నగరంలో 1992 నుంచి బ్లూ క్రాస్ ఆఫ్ హైదరాబాద్ ఉంది, వ్యక్తిగతంగా పిల్లుల్ని కాపాడి దత్తతకిచ్చేవాళ్లూ చాలామంది ఉన్నారు. ఆ దత్తత గ్రూపుల్లో కాసేపు చూడండి, పర్షియన్లు కూడా కనిపిస్తాయి. ‘ట్రాన్స్‌ఫర్ అయింది’, ‘పెళ్లయింది, అత్తవారింట్లో ఒప్పుకోవట్లేదు’, ‘ఆన్‌సైట్ వెళ్తున్నాం’. వేలు పోసి కొన్నది ఫ్రీగా ఇస్తామంటారు. అక్కడిదాకా రాకుండా మెట్ల కింద వదిలేసినవాటి గతి ఇంకా ఘోరం. దువ్వేవాళ్లు లేకపోతే ఆ బొచ్చు కొన్ని వారాల్లోనే జడలు కట్టి చర్మాన్ని లాగేస్తుంది. వేటాడటం రాదు. ఎండ సరేసరి.

ద్వారకాపురిలో ఒక పిల్లి

ఆఖరి ఇల్లు అద్దెది కాదు. పంజాగుట్ట ద్వారకాపురి కాలనీలో, సాయిబాబా గుడికి కాస్త ఇవతల, మాకు తెలిసిన రిటైరైన దంపతులుంటారు. పాత కాలపు రెండంతస్తుల ఇల్లు, వాళ్లుండేది కింద. మందమైన గోడలు, గచ్చు నేల. ఆ నేల మీద నాలుగు కాళ్లూ చాపి పడుకుని ఉంది ఒక బూడిదరంగు డాల్ ఫేస్. ఐదేళ్ల కింద పైన అద్దెకున్న కోచింగ్ కుర్రాడు తెచ్చుకున్నాడు. ఏడాది తిరిగేసరికి పుణెలో ఉద్యోగం వచ్చింది. “నెల రోజుల్లో వచ్చి తీసుకెళ్తానన్నాడమ్మా” అంది ఆంటీ. ఆ నెల ఇంకా పూర్తి కాలేదు.

చెప్పుకోవాలంటే మేం ఆ రోజు తిరిగిన ఇళ్లన్నిట్లో పర్షియన్‌కి సరిపోయింది ఇదొక్కటే. చల్లటి నేల ఉంది, కిటికీలకి మెష్ ఉంది, రోజంతా ఇంట్లో మనుషులున్నారు. అంకుల్ పొద్దున్నే టీవీలో వార్తలు పెట్టుకుని, పిల్లిని ఒళ్లో వేసుకుని స్టీలు దువ్వెనతో దువ్వుతారు. ముందు వీపు, తర్వాత చంకలు, పొట్ట. తర్వాత కళ్లు తుడవడం. మొత్తం ఇరవై నిమిషాలు. మార్చి రాగానే పొట్ట కింద బొచ్చు పొట్టిగా కత్తిరిస్తారు. ఏడాదికోసారి రక్తపరీక్ష, కిడ్నీల స్కాన్. “మా అబ్బాయిని పెంచినప్పుడు కూడా ఈయన ఇంత చెయ్యలేదు” అని ఆంటీ ఫిర్యాదు. అంకుల్ విననట్టు దువ్వుతూనే ఉన్నారు.

మా చెల్లి దువ్వెన తీసుకుంది. పిల్లి ఐదు నిమిషాలు ఓపిక పట్టింది, చంక దగ్గర చిక్కు తగలగానే పంజాతో ఒకటిచ్చింది. గోళ్లు తియ్యలేదు, హెచ్చరిక మాత్రమే.

“పొద్దున ఈ టైముకి నువ్వెక్కడ ఉంటావమ్మా?” అనడిగారు అంకుల్.

“మెట్రోలో అంకుల్.”

“సాయంత్రం?”

“అప్పుడూ మెట్రోలోనే.”

అంకుల్ ఇంకేం అనలేదు.

తర్వాతి వారం ఎస్.ఆర్.నగర్‌లో ఇల్లు దొరికింది. రెండో అంతస్తు, పడమటి ఎండ కొంచెం ఎక్కువ. ఓనర్‌కి పిల్లి మీద అభ్యంతరం లేదు, అగ్రిమెంట్‌లో రాశారు కూడా. పిల్లిని మాత్రం తేలేదు. ఒక ఎండాకాలం ఆ ఇంట్లో గడిపి, పదకొండు నెలల అగ్రిమెంట్ రెన్యువల్ అయ్యాక చూస్తానంటోంది. ఈలోగా ఆంటీవాళ్లు సంక్రాంతికి రాజమండ్రి వెళ్లే పది రోజులూ ద్వారకాపురిలోనే ఉండి, రోజూ దువ్వుతానని మాటిచ్చింది. స్టీలు దువ్వెన అప్పుడే ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టేసింది.